లేలండు దొరకిచ్చిన పిల్ల

మా అమ్మ నన్ను నలభై రెండేళ్లపాటు ఒక్క తిట్టు తిట్టలేదు. ఈ మాట చెబితే నా మనవరాళ్లు "ఎంత మంచి అమ్మో" అని మురిసిపోతారు. వాళ్లకేం తెలుసు? కలకత్తాలో మా గార్డెన్ రీచ్ బస్తీలో తల్లి తిట్టని పిల్లంటే చుట్టపుచూపుగా వచ్చిన పిల్లని అర్థం. మా తమ్ముడు అప్పలసూరినీ, చెల్లెలు రామమ్మనీ మా అమ్మ దాలమ్మ పొద్దున పళ్లు తోముకునే దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టేది. "నీ మొకం మండ, నీ నోట్లో మన్నడ" అంటూ తాతముత్తాతల్ని కూడా లేపి కూర్చోబెట్టేది. నా దగ్గరకొచ్చేసరికి ఆ గొంతే మారిపోయేది. "అమ్మా తవిటమ్మా, కూడు తింతావేటి తల్లీ?" అని అడిగేది. పులుసులో చేప తలకాయ నాకే. నేను పాలగిన్నె తన్నేస్తే "పోన్లే తల్లీ" అనేది. ఆ గిన్నె పక్కన ఊరికే నిలబడ్డ పాపానికి అప్పలసూరి వీపు పగిలేది.

ఎనిమిదేళ్లప్పుడు ఓసారి కావాలనే మంచినీళ్ల కుండ పగలగొట్టాను. పంపు దగ్గర గంటసేపు నిలబడి పట్టి తెచ్చుకున్న నీళ్లు. అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇదిగో, ఇప్పుడు పడతాయి అని కళ్లు మూసుకుని నిలబడ్డాను. అమ్మ కింద కూర్చుని, పెంకులు గుచ్చుకున్నాయేమోనని నా పాదాలు తడిమి చూసింది. ఆ రోజు నేనేడ్చిన ఏడుపు తర్వాత మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

కారణం బస్తీలో అందరికీ తెలిసిందే. నేను అమ్మేసిన పిల్లని. అమెరికా దొరకి అమ్మేశారు. తిరిగి కొనుక్కోలేదు.

మా వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. నాన్న గవరయ్య పెళ్లయిన ఏడాదే కలకత్తా వచ్చి డాకులో కుదురుకున్నాడు. ఓడల్లోంచి సరుకు దించేటప్పుడు పెట్టెలకి కొక్కేలు తగిలించడం ఆయన పని. నాకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది తిరక్కుండా పోయారు. పిల్లలు అలా దక్కకపోతే మా వైపు ఒక పద్ధతుంది. పుట్టిన బిడ్డని తీసుకెళ్లి పరాయివాళ్ల ఒళ్లో పెట్టి, ఇది నీ బిడ్డ అనేస్తారు. వెంటనే కుంచెడు తవుడిచ్చి ఆ బిడ్డని తిరిగి కొనుక్కుంటారు. చావు ఆ ఇంటి బిడ్డ కోసం వెతుక్కుంటూ వస్తే, మా బిడ్డలెవరూ లేరు, ఇది తవుడిచ్చి కొనుక్కొచ్చిన పిల్ల అని చెప్పడానికన్నమాట. చావు కూడా జనాభా లెక్కల గుమస్తాలాంటిదే కాబోలు, గుమ్మంలో చెప్పింది రాసుకుని పోతుంది. అలా దక్కిన మగపిల్లాడు తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ. మా ఊళ్లలో వీధికొకరుంటారు.

నేను పుట్టింది యుద్ధం నడుస్తుండగా, నలభై నాలుగులో. ముందటేడు కరువు. బస్తీలో ఏ గడప తొక్కినా ఎవరో ఒకరు పోయినవాళ్లే, ఎవరి ఒళ్లో పెట్టాలన్నా అమ్మకి భయమే. అప్పుడు డాకు నిండా అమెరికా మిలట్రీ. నాన్న గేంగుని చూసుకునేవాడు లేలండ్ ప్రూయిట్ అని పాతికేళ్ల లెఫ్టినెంటు. మా వాళ్లు లేలండు దొర అనేవాళ్లు. ఒకరోజు ఓడమీంచి లారీ అంత పెట్టె దిగుతుండగా ఇనప తాడు తెగింది. దొర అంతదాకా సరిగ్గా దానికిందే ఉన్నాడు. సిగరెట్టు ముట్టించుకోడానికి గాలికి అటు తిరిగి నాలుగడుగులు వేశాడు, పెట్టె ఆయన నిలబడ్డ చోట పడి నేలలో దిగిపోయింది. దొర నోట్లో సిగరెట్టు కింద కూడా పడలేదని నాన్న చెప్పేవాడు. ఆ సాయంత్రం ఇంటికొస్తూనే అమ్మతో, "సావు తప్పిన ఒల్లు ఆడిది. మన గుంటని ఆడి ఒల్లోనే ఎడదాం" అన్నాడట.

మర్నాడు భోజనాల వేళ డాకు గేటు దగ్గర నన్ను తీసుకెళ్లి దొర ఒళ్లో పెట్టారు. ఆయనకి సగం అర్థమయి, సగం కాక, నవ్వుతూ కాసేపు ఊపాడట. ఇక్కడే మా నాన్న, మా వాళ్లలో ఇంకెవరూ చెయ్యని తప్పు చేశాడు. తవుడు చేతిలో లేకుండా బిడ్డని ఇచ్చేశాడు. మరి తవుడేది? కరువులో తవుడు కూడా మనుషులే తినేశారు. రేపు తెస్తానని దొరకి సైగలు చేసి, పాలకి ఏడుస్తున్నానని నన్ను అరువు తెచ్చుకున్నట్టు ఇంటికి తెచ్చుకున్నారు. మూడు రోజులు కలకత్తా అంతా తిరిగితే కుంచెడు తవుడు దొరికింది. అది పట్టుకుని పరుగెత్తేసరికి దొర లేడు. ఆయన దళాన్ని రైలెక్కించి అస్సాం వైపు, బర్మా యుద్ధానికి పంపేశారు.

అప్పట్లో బస్తీకి పెద్దదిక్కు జగ్గమ్మ అవ్వ. ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఎవుడి ఒల్లో ఎట్టినారో ఆడి ఒల్లోంచే తెచ్చుకోవాల. అందాకా ఈ గుంటని నాది అనకండి. అన్నారా, సావు ఇంతాది."

అమ్మ అనలేదు. తిట్టడం, కొట్టడం, నెత్తిన మొట్టడం అన్నీ సొంత పిల్లలకి చేసేవి. పరాయి వాళ్ల పిల్లని మనం తిడతామా? అలా నేను మా ఇంట్లోనే పరాయిదాన్నయి పెరిగాను. బతకడం మటుకు దుక్కలాగ బతికాను. నా తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కారు. అదంతా లేలండు దొర ఒడి చలవేనని అమ్మ నమ్మకం.

దొర సంగతులు మాకు తెలిసేవంటే మృత్యుంజయబాబు పుణ్యమే. ఆయన మా పక్క సందులో ఉండేవాడు, డాకులో సరుకు చీటీలు రాసే బెంగాలీ గుమస్తా. నిఖార్సయిన ఎర్రజెండా పార్టీ మనిషి. అమెరికా పేరెత్తితే పళ్లు నూరేవాడు. అయినా ఇంగ్లీషు పేపర్లో లేలండ్ ప్రూయిట్ అని కనబడితే చాలు, ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని మా గుమ్మంలోకొచ్చి, "మాశీమా, నీ సామ్రాజ్యవాది మళ్లీ పేపరెక్కాడు" అని బెంగాలీలో కేకేసేవాడు, మాశీమా అంటే పిన్నమ్మ. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేది. నేను గుమ్మం పక్కన నిలబడి వినేదాన్ని.

అలా ముక్కముక్కలుగా ఆయన జీవితమంతా మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ల నాన్న పందులూ మొక్కజొన్నా పెంచుకునే రైతు. బర్మా కొండల్లో దొర ఎడమ మోకాలికి గుండు తగిలింది. పతకం ఇచ్చారు, కాలు మాత్రం కుంటిదైంది. ఇంటికెళ్లి సర్కారు సాయంతో లా చదువుకుని, వాళ్ల జిల్లాలో ప్లీడరయ్యాడు. యాభై ఎనిమిదిలో సెనేటరుగా గెలిచాడు. యుద్ధంలో కలకత్తా డాకులో పనిచేశాడని ఆ పేపరులో రాశారు గనకనే మృత్యుంజయబాబు పట్టుకోగలిగాడు.

"సెనేటరంటే ఏటి బాబూ?" అని నాన్న అడిగాడు.

"మన రాజ్యసభ మెంబరు లాంటివాడు. కాకపోతే వాళ్ల దేశంలో ఆ మెంబరు మాట చెల్లుతుంది."

"అయితే లేబరు సర్దారుకన్నా పెద్దోడేనా?"

"చాలా పెద్దవాడు, గవరయ్యా."

నాన్న మీసం దువ్వుకున్నాడు. అమ్మ మటుకు దిగులుపడింది. మామూలు సిపాయి దగ్గర్నుంచే పిల్లని తెచ్చుకోలేకపోయాం, ఇంత పెద్దవాడి దగ్గర్నుంచి ఇంకేం తెచ్చుకుంటాం అని దాని బాధ.

అరవై రెండులో పోలయ్యతో నా పెళ్లి కుదిరింది. అమ్మ అడ్డం పడిపోయింది. "పరాయోల్ల పిల్లకి మనం పెల్లెలగ సేత్తాం? ఆయన్నడగాల" అని పట్టుబట్టింది. మృత్యుంజయబాబు తలబాదుకుని, ఇంగ్లీషులో ఉత్తరం రాసి, సెనేటర్ లేలండ్ ప్రూయిట్, అమెరికా అని పైన రాసి పోస్టులో వేశాడు. నాలుగు నెలలకి కార్డొకటి వచ్చింది. తమరి అభిప్రాయాలు తెలియజేసినందుకు కృతజ్ఞతలు అని అచ్చేసిన కార్డు, అడుగున సంతకం.

"ఇది అందరికీ పంపేదే మాశీమా. నీ ఉత్తరం ఆయన చూసి కూడా ఉండడు" అన్నాడు మృత్యుంజయబాబు, ఆయనకి అబద్ధం చేతకాదు.

"సంతకం ఉందా నేదా?"

"ఉంది."

"ఒప్పీసుకున్నాడు. పందిరెయ్యండి" అంది అమ్మ.

పెళ్లయితే అయింది. తవుడు కూడా పోస్టులో పంపేస్తే సరిపోదా అని నేను అడిగాను. "ఒల్లోంచి ఒల్లోకి రావాల తల్లీ. తపాలాలో పిల్లల్ని కొంతారేటి?" అంది అమ్మ నెమ్మదిగా. అదే రామమ్మ అడిగుంటే గరిటె తిరగేసేది.

అరవై ఎనిమిదిలో వచ్చిన కాగితం ముక్క మృత్యుంజయబాబు కేకెయ్యకుండా తెచ్చాడు. దొర ఒక్కగానొక్క కొడుకు వియత్నాం యుద్ధంలో పోయాడు. పాతికేళ్లు కూడా లేవు. అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. చాలాసేపు గోడకి చేరగిలబడి కూర్చుని, నన్ను చూసి, "ఆ బాబుకి ఇంక నువ్వే ఉన్నావు తల్లీ" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేనెవరో ఆయనకి తెలీదు, ఆయనెవరో నాకు తెలీదు, నా తల్లి పక్కనే కూర్చుని నన్ను ఇంకొకరి పిల్లంటోంది. ఆ రోజు అమ్మమీద అరిచి మా ఇంటికి వెళ్లిపోయాను. దానికి కూడా తిట్టలేదు.

కొడుకు పోయాక దొర మారిపోయాడట. యుద్ధానికి డబ్బివ్వాల్సి వచ్చినప్పుడల్లా లేచి నిలబడి వద్దనేవాడట. డెబ్భై ఒకటిలో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, అమెరికా యుద్ధనౌకలు బంగాళాఖాతం వైపు వస్తున్నాయని కలకత్తా అంతా అట్టుడికిపోయింది. మా బస్తీ కుర్రాళ్లు అమ్మని "అమెరికా అత్త" అని ఏడిపించారు. "మనోడు అలగ సెయ్యడు" అని అమ్మ పంపు దగ్గర అందరితో దెబ్బలాడింది. వారం తర్వాత మృత్యుంజయబాబు నవ్వుతూ వచ్చాడు. ఆ ఓడల్ని వెనక్కి తిప్పమని సెనేటులో నిలదీసిన నలుగురైదుగురిలో ప్రూయిట్ కూడా ఉన్నాడు. అమ్మ ఆ ముక్క పట్టుకుని, చదవడం రాకపోయినా, పంపు దగ్గర ప్రతి ఒక్కరికీ చూపించి వచ్చింది.

నాన్న డెబ్భై నాలుగులో పోయాడు. పోయే ముందు కూడా "తవుడట్టుకుని ఎల్లాల్సింది, తప్పు నాదే" అన్నాడు.

డెబ్భై ఏడులో ఎర్రజెండా సర్కారు వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, బెంగా పట్టుకుంటుంది. రోజూ కరెంటు పోయేది, వారానికో ఊరేగింపు, నెలకో బంద్. బంద్ రోజున డాకు రోడ్డుమీద పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్లు, మేం ఆడవాళ్లం గుమ్మాల్లో కూర్చుని పేలాలు తింటూ ఊరందరి సంగతులూ చెప్పుకునేవాళ్లం. మా ఆయన పోలయ్య డాకులో క్రేను నడిపేవాడు, యూనియన్లో నినాదాలకి ముందుండేది ఆయనే. ఆయన గొంతుకి మైకు దండగ. ఆయన హౌరాలో అరిస్తే గార్డెన్ రీచ్‌లో పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అమెరికా డౌన్ డౌన్ అని ఊరేగింపులో అరిచి ఇంటికొచ్చి, "ఏటి తవిటీ, మీ బాబు కబురేటి?" అని అడిగేవాడు. మా వైపు బాబంటే నాన్న.

ఎనభై ఆరు చివర్లో మృత్యుంజయబాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికే రిటైరై, పరుగు మానేసి చాలా కాలమైంది. "మాశీమా, వస్తున్నాడు!" అన్నాడు. సెనేటర్ ప్రూయిట్ జనవరిలో ఢిల్లీ వస్తాడు. కలకత్తాలో ఒక్క రోజుంటాడు. తను కుర్రతనంలో పనిచేసిన డాకు ఓ గంట చూస్తాడు.

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు, కళ్లల్లో శుక్లాలు, మెట్లెక్కితే ఆయాసం. ఆ మాట విని లేచి నిలబడింది. "నాను పోయీలోగా ఈ పిల్లని నా దాన్ని సేసుకోవాల. ఇంక ఆడు రాడు. ఇదే ఆకరు" అంది. నాకు నలభై రెండేళ్లు, పెళ్లికెదిగిన కూతురుంది, అయినా ఆ మాట వినగానే కుండ పగలగొట్టిన ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మా అమ్మ నన్ను తిట్టగా వినాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

మృత్యుంజయబాబు అమెరికా ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పార్టీవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని మా ఇంట్లో కూర్చుని తలుపేసుకుని మరీ రాశాడు. ఈసారి అచ్చు కార్డు కాదు, టైపు చేసిన జవాబు వచ్చింది. యుద్ధకాలం డాకు కూలీల కుటుంబాలంటే సెనేటరుగారికి అభిమానమనీ, ముగ్గురు రావచ్చనీ, పదకొండో తారీఖు ఉదయం పది గంటలకనీ.

తవుడు దగ్గర అమ్మ మళ్లీ పేచీ పెట్టింది. కలకత్తా గొడ్ల కొట్లలో దొరికే తవుడు పనికిరాదు, మన నేల వడ్ల తవుడు కావాలంది. అప్పలసూరి రైలెక్కి ఊరెళ్లి, దంపించి, గోనెసంచిలో తెచ్చాడు.

అంతా కుదిరిందనుకుంటుండగా పోలయ్య భోజనం దగ్గర తల వంచుకుని చెప్పాడు. యూనియన్ తీర్మానం అయిపోయింది. పదకొండో తారీఖున డాకు గేటు ముందు నల్లజెండాలు.

"ఎవరు ముందు నిలబడతారు?" అని అడిగాను.

"నాను కాకపోతే ఇంకెవులు?"

"ఏటి మావా, మా అమ్మ లోపల నన్ను కొనుక్కుంటుంటే నువ్వు బయట పో పో అని అరుత్తావా?"

"అది వేరు, ఇది వేరు తవిటీ. నాను అరిసీది ఆల సర్కారుని."

మా అత్తాఅల్లుళ్లది విడ్డూరమైన పొత్తు. అమ్మ దుమ్మెత్తిపోస్తుందని నేను చూస్తుంటే, తను పీట దగ్గరకి లాక్కుని, "అల్లుడూ, గట్టిగా అరుసు. నేకపోతే ఆల్లు నిన్ను పనికిరాడంతారు. కానీ మీము లోపలికెల్లినాక మొదలెట్టు" అంది. పోలయ్య సరేనన్నాడు.

పదకొండో తారీఖు పొద్దున మంచు ఇంకా వదల్లేదు. నేను పెళ్లినాటి పట్టుచీర కట్టుకున్నాను. గేటు దగ్గర పోలీసు ఆఫీసరు కుంచం చూసి, తవుట్లో చెయ్యి పెట్టి కెలికి, ఇదేమిటన్నాడు. మృత్యుంజయబాబు బెంగాలీలో "భూషి" అన్నాడు. "సెనేటరుగారికి తవుడా? గడ్డి తేలేదా?" అని ఆఫీసరు నవ్వి, లోపలికి వదిలాడు.

షెడ్డు కింద కుర్చీలు వేశారు. చేతికర్ర పట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ ఒక తెల్లజుట్టు ముసలాయన వచ్చి కూర్చున్నాడు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఓలమ్మ, ఇంత ముసలోడైపోనాడేటి!" అంది. తను మాత్రం ఆనాటి పడుచుపిల్లలాగే ఉన్నట్టు.

ఆయన మెత్తగా మాట్లాడాడు. మృత్యుంజయబాబు బెంగాలీలో చెప్పాడు. గవరయ్య అనే పేరు గుర్తులేదు, క్షమించమన్నాడు. ఇక్కడ వేలమంది పనిచేశారు, నలభై ఏళ్లు దాటింది అన్నాడు. గుర్తులేనివాడు ఏమని తిరిగిస్తాడు? ఆ వేళకే గేటు బయట మొదలైంది. "ప్రూయిట్, ఫిరే జావ్!" అని ఒక గొంతు, వెనక వంద గొంతులు.

అమ్మ చలించలేదు. "సిగిరెట్టు సంగతి సెప్పు బాబూ" అంది.

మృత్యుంజయబాబు చెప్పాడు. తాడు తెగడం, నాలుగడుగులు, పెట్టె. వింటూ వింటూ ఆయన ముఖం విప్పారింది. సిగరెట్లు మానెయ్యమని భార్య ఎంత పోరినా మానలేకపోయాడట, అవే తనని బతికించాయని వాదించేవాడట. తర్వాత కాసేపు నేల చూసి, ఏదో వెతుక్కుంటున్నట్టు, "ఒక పసిపిల్లని నా ఒళ్లో పెట్టారు. నా యూనిఫారమంతా తడిపేసింది. మా కెప్టెను చివాట్లు పెట్టాడు" అన్నాడు.

"నానే, అది నానే" అన్నాను తెలుగులో. దానికి ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది.

అప్పుడు మృత్యుంజయబాబు మొత్తం చెప్పాడు. పోయిన ముగ్గురు పిల్లలు, ఒడి, తవుడు, కరువు, అస్సాం రైలు. పార్టీ క్లాసుల్లో మూఢనమ్మకాలమీద గంటలకొద్దీ మాట్లాడే మనిషి, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. దొర వెనక నిలబడ్డ కుర్రాఫీసరు గడియారం చూసుకున్నాడు. ముసలాయన చూసుకోలేదు. వంగి, కుంచంలోంచి పిడికెడు తవుడు తీసి, వేళ్లతో నలిపి, వాసన చూశాడు.

"మా నాన్న పందులకి పెట్టేవాడు. ఇది మంచి తవుడు" అన్నాడు. ఆ పిడికెడూ కుంచంలో పోసేసి, "అయితే ఇన్నేళ్లూ ఈమె నా కూతురా?" అని అడిగాడు.

"అవును" అన్నాడు మృత్యుంజయబాబు.

"నాకెవరూ చెప్పలేదే."

అమ్మని చూసి ఇంకో ప్రశ్న అడిగాడు. తను తిరిగిచ్చేస్తే ఈమెకి ఏమీ కాదు కదా అని.

"ఇంకేటవుతాది బాబూ, ముదిరిపోనాది" అంది అమ్మ.

బయట కేకలు పెరిగాయి. ఏమంటున్నారని ఆయన అడిగాడు. మృత్యుంజయబాబు ఉన్నదున్నట్టు చెప్పాడు, వెనక్కి పొమ్మంటున్నారని. నేను ఉండబట్టలేక, ఆ ముందు గొంతు మా ఆయనదే అన్నాను. అది తర్జుమా అయ్యాక ఆయన కర్రమీద వాలిపోయి నవ్వాడు. "అయితే అల్లుడన్నమాట. గొంతు బాగుంది. మా సెనేటుకి పనికొస్తాడు" అన్నాడు.

ఒళ్లోంచే రావాలని అమ్మ పట్టు. అరవై కేజీల మనిషిని ఆ కుంటి కాలుమీద ఎలా కూర్చుంటాను? నేల మీద మోకాళ్లేసి, ఆయన ఒళ్లో తల పెట్టాను. ఆయన చెయ్యి నా తలమీదకొచ్చింది. చాలా మెల్లగా ఒక్క మాటేదో అన్నాడు. తర్వాత మృత్యుంజయబాబు చెప్పాడు, అది మాట కాదు, పోయిన కొడుకు పేరని. నాకు లేవబుద్ధి కాలేదు. నా పేరైనా సరిగ్గా తెలియని మనిషి, ఆయన పంచన నలభై రెండేళ్లు బతికి ఇప్పుడు వెళ్లిపోతున్నట్టు ఏడుపొచ్చేసింది.

అమ్మ కుంచం ఆయన పాదాల దగ్గరకి జరిపింది. ఆయన దానిమీద చెయ్యి వేశాడు. రెండో చేత్తో నా చెయ్యి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. నేనింకా అలాగే పడి ఏడుస్తున్నాను.

"లేవే ముదనష్టపుదానా!" అంది మా అమ్మ. "పెద్దమనిసి కుంటి కాలుమీద ఎంతసేపు పడుంతావే? ఆడికి నొప్పెడతాది కాదేటి? బుద్ది నేదు, గ్నానం నేదు, గేదెలాగ పెరిగినావు! సీరంతా దుమ్ము సేసుకున్నావు, సూడు!" అంటూ జబ్బ పట్టి లాగి వీపుమీద ఒక్కటేసింది.

షెడ్డులో అందరూ బిత్తరపోయారు. నేను మటుకు నేల మీద కూర్చుని, ఏడుస్తూ పగలబడి నవ్వాను.

ఆయన వెళ్తూ తవుడు కారులో పెట్టించుకున్నాడు. గేటు దాటేటప్పుడు అద్దం దించి నల్లజెండాల వైపు చెయ్యి ఊపాడట. "మీ బాబు నాకేసి సూసే ఊపినాడే" అని పోలయ్య పోయిన గొంతుతో వారం రోజులు చెప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టి ఆపలేదు. నలభై రెండేళ్లవీ కలిపి తిట్టింది. కూరలో ఉప్పెక్కువని, కూతుర్ని చదివిస్తున్నానని, చదివించడం లేదని, ఫ్యాను కింద పడుకున్నానని. అప్పలసూరీ రామమ్మా మాకు సెలవొచ్చిందే అని సంబరపడ్డారు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరైనా తెచ్చిస్తే బాగుండుననిపిస్తుంది. చేప తలకాయ కూడా ఆ తర్వాత నాకు పెట్టలేదు.

తొంభై నాలుగు డిసెంబరులో ఒక పొద్దున మేమిద్దరం పంపు వరసలో నిలబడి ఉన్నాం. మృత్యుంజయబాబు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు, చేతిలో కాగితం ముక్క. లేలండ్ ప్రూయిట్ పోయాడు. డెబ్భై అయిదేళ్లు. అక్కడే నిలబడి చదివి చెప్పాడు. రైతు బిడ్డ, బర్మాలో పతకం, ముప్పై ఏళ్లు సెనేటరు, యుద్ధాలకి ఎదురు నిలబడ్డవాడు, భార్య ముందే పోయింది, కొడుకు యుద్ధంలో పోయాడు. వెనక బంధువులెవరూ లేరు అని రాశారట. అక్కడికి వచ్చేసరికి ఆయన చదవడం ఆపి కాగితం మడిచాడు.

అమ్మ నావైపు తిరిగింది. "రాయిలాగ నిలబడిపోనావేటే? తలమీద నీల్లు పోసుకో."

"నాకెందుకే అమ్మా? కొనేసుకున్నావు కదా. ఇంక ఆయనకీ నాకూ ఏటి?"

"కొనుక్కున్నాను. నేదన్నానేటి? నలభై రెండేల్లు నిన్ను సావు కంట పడకుండా దాసినోడు కాదేటే ఆడు? ఎవులూ నేరని రాసీసినారంట, ఇన్నావు కాదా? సిగ్గు నేదా నీకు? కూకో!" అంది, నా భుజం పట్టి నొక్కుతూ.

పంపు పక్కన రాయిమీద కూర్చున్నాను. వరసలో ఉన్నవాళ్లు బిందెలు దించి, ఎవరు పోయారు దాలమ్మా అని అడిగారు.

"దీని బాబు" అంది అమ్మ.

మా నాన్న పోయి ఇరవై ఏళ్లయిందని వాళ్లందరికీ తెలుసు. అయినా పంపు కింద ఉన్న బిందె పక్కకి జరిపి, మా బకెట్టు ముందు పెట్టారు.